నిదానం ఎవరిది

మా పావగడ తాలూకాలో ఆడమనిషిని తిట్టడానికి చాలా మాటలున్నాయి. అన్నీ విన్నాను, కొన్ని నేనూ అన్నాను. వాటిలో దేనికీ నేను పెద్దగా బాధపడే మనిషిని కాను. కానీ "చెయ్యి నిదానం" అనే మాట ఉంది చూశారా, అది తిట్టులా వినిపించదు. ఎవరూ గొంతు పెంచి అనరు. శెనక్కాయ చెట్లు పీకే కాలంలో గట్టు మీద నిలబడి ఒకాయన ఇంకొకాయనతో మామూలుగా అంటాడు, ఆ మనిషి మంచిదేగానీ చెయ్యి నిదానమప్పా అని. అంతే. మరుసటి రోజు నుంచి ఆమెను పనికి పిలిచేవాళ్లుండరు. మాది రెండు రాష్ట్రాల సరిహద్దు. తెలుగు మాట్లాడేవాళ్లకూ కన్నడం మాట్లాడేవాళ్లకూ మాట ఒక్కటే, కాబట్టి తప్పించుకుని పోవడానికి ఇంకో భాష కూడా లేదు.

ఆ మాట నా మీద పడింది. పొలంలో కాదు, పావగడ బజారులో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు. ఆ మాట అన్నాయన ఇప్పుడు లేడు. లేడు కదా అని నా కోపం చల్లారలేదు.

తొంభైల నడుమ సంగతి ఇది. మాది రాయచెర్లు. ఎర్ర గరుసు నేల, శెనక్కాయ తప్ప ఇంకేది వేయడానికీ ధైర్యం చాలదు. వాన పడితే వేస్తాం. వేశాక వాన మొహం చాటేస్తుంది. మరుసటి ఏడాది మళ్లీ వేస్తాం. మా నాయనకు ఇందులో విసుగు రాలేదు, నాకు చిన్నప్పుడే వచ్చేసింది. విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో మా అమ్మ బొటనవేలి కొస చర్మం లేచిపోయి ఉండేది. ఆ చేత్తోనే అన్నం కలుపుకునేది, ఉప్పు తగిలినప్పుడల్లా మొహం చిట్లించేది. నేనా పని చేయనని పదో తరగతిలోనే మొహం మీద చెప్పేశాను. తుంకూరులో హాస్టల్లో ఉండి కంప్యూటర్ డిప్లొమా చదివాను. చదివి ఇంట్లో కూర్చుంటే, ఉద్యోగం రాలేదా అని పలకరించిన ప్రతివాళ్ల మీదా నాకు ఒళ్లు మండేది.

పావగడలో శెనక్కాయ వ్యాపారి ఒకాయన ఉండేవాడు. వల్లూరు దారిలో ఆయనకు కాయలు కొట్టే మిల్లు ఉంది. మా నాయన ఏళ్ల తరబడి కాయలు ఆయనకే వేసేవాడు. అందుకని చుట్టరికం లేకపోయినా నేను ఆయన్ను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. ఆయన హిందూపురం పోయినప్పుడు అక్కడ ఎవరో కంప్యూటర్ మీద పెళ్లికార్డులు తయారుచేస్తుంటే జనం బెంచీల మీద కూర్చుని ఎదురుచూడటం చూశాడు. అది చూసి వచ్చి తనూ ఒకటి కొన్నాడు. బెంగుళూరు డీలరు ఒకడు తెచ్చి బిగించి, కొబ్బరికాయ కొట్టించి పోయాడు. ఆ మిషన్ ముందు కూర్చోవడానికి ఇద్దరం. ఒకరు పెద్దనాయన అల్లుడు, వరసకు నాకు బావ. ఇంకొకరు నేను.

బావది టైపు పని. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ముహూర్తం, బంధుమిత్రుల అభినందనలు, ఇవి తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి కొట్టేవాడు. మా తాలూకాలో రెండు భాషల్లో కార్డు లేకపోతే ఒకవైపు చుట్టాలు అలుగుతారు. ఆయన కొట్టింది నేను తీసుకుని పేజీలో కూర్చేదాన్ని. పైన దేవుడి బొమ్మ, చుట్టూ లతల అంచు, అరటి చెట్లు, మధ్యలో రెండు భాషలూ ఎదురెదురుగా. బరువు పని అంతా నా వైపే. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగిన రచ్చంతా ఇక్కడే మొదలైంది కాబట్టి చెప్తున్నాను.

బావ కూర్చుంటే మిషన్ పరిగెత్తేది. మీట నొక్కడం ఆలస్యం, అక్షరం తెర మీద ఉండేది. పని లేనప్పుడు ఆయన అందులో పేకాట ఆడుకునేవాడు, ముక్కలు ఒకదాని మీద ఒకటి టకటకా పడేవి. అదే మిషన్ నా చేతికి వస్తే పడుకునేది. దేవుడి బొమ్మను వేలెడంత పక్కకు జరిపితే పేజీ మొత్తం మళ్లీ గీసుకోవాలి. పై నుంచి చార చారగా దిగేది. వినాయకుడి కిరీటం వచ్చేది, ఆగేది, తొండం వచ్చేది, ఆగేది. బెంచీ మీద కూర్చున్న పెళ్లివారు తెరను చూసేవారు, నన్ను చూసేవారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఖాళీగా కూర్చుందని వాళ్లకు అనిపించడంలో వింతేముంది? నిజంగానే ఖాళీగా కూర్చున్నాను, మిషన్ తెమిలేదాకా నేను చేయడానికి ఏమీ లేదు.

పెద్దనాయన గల్లాపెట్టె దగ్గర నుంచి ఇదంతా చూసేవాడు. మొదట్లో మిషన్‌నే తప్పుపట్టాడు, అది ఒప్పుకోవాలి. అయితే ఆయనకు తెలిసిన మిషన్ ఒక్కటే, బోరు మోటారు. తిరుమణి పక్కన ఆయనకు తోట ఉండేది. బోరులో నీళ్లు తగ్గినప్పుడల్లా అంతకంటే పెద్ద మోటారు దింపేవాడు. అది దిగిన రోజు పైపు నిండా నీళ్లు దూకేవి, ఆయన మీసం దువ్వుకునేవాడు. కాసేపటికి బోరు గాలి కొట్టేది. లోపల ఊట లేదు పెద్దనాయనా అని ఎవరన్నా చెప్పబోతే, మోటారు చాలలేదు అనేవాడు. ఆ కరువు సంవత్సరాల్లో ఇలా మోటార్లు మార్చి మార్చి బోర్లు ఎండబెట్టుకున్నవాళ్లు మా తాలూకాలో ఈయన ఒక్కడే కాదు. కానీ ఆ తెలివిని బజారు దాకా తెచ్చి కంప్యూటర్ మీద ప్రయోగించింది మాత్రం ఈయనే.

కార్తీకంలో డీలరును పిలిపించి, దీనికి హార్స్ పవర్ పెంచమన్నాడు. డీలరు నవ్వలేదు. వ్యాపారం చేసేవాడు అలాంటి చోట ఎందుకు నవ్వుతాడు? ముప్పై మూడు మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ తీసి నూరుది పెట్టాడు. మూడింతలు స్పీడు అని కన్నడంలో చెప్పి, పెద్దనాయన చేతిలో చెయ్యి వేసి ఊపాడు. పెద్దనాయన బావను కూర్చోమన్నాడు. బావ పేకాట తెరిచాడు. ముక్కలు ఇంతకుముందుకంటే తొందరగా ఎగిరిపడ్డాయి. అందరూ సంతోషించారు.

తర్వాత నేను కూర్చుని ఒక పెళ్లికార్డు తెరిచాను. కిరీటం వచ్చింది, ఆగింది. తొండం వచ్చింది, ఆగింది.

డీలరు నా వైపు చూసి, పెద్దనాయనతో కన్నడంలో, మిషన్‌లో ప్రాబ్లం లేదు సార్, ఆపరేటర్‌కు ఇంకా అలవాటు కావాలి అన్నాడు. నాకు కన్నడం రాదనుకున్నాడేమో. పదో తరగతి దాకా నేను చదివిందే కన్నడంలో. వాడి మొహం ఈ రోజుకూ నాకు గుర్తుంది.

ఆ వారంలోనే మా ఊరాయన ఒకరు చెల్లెలి పెళ్లికార్డు కోసం వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, కూర్చుని, ఇంక ఎంతసేపు అని గొణిగాడు. పెద్దనాయన గల్లాపెట్టె మూస్తూ, మా అల్లుడు కూచుంటే గుర్రం మాదిరి పోతాదప్పా, ఈ పాపకే చెయ్యి నిదానం అన్నాడు. మామూలుగా అన్నాడు. గట్టు మీద నిలబడినాయన అన్నట్టే అన్నాడు. మా ఊరాయన తల ఊపి, కార్డు తీసుకుని, ఆ మాట కూడా తీసుకుని బస్సెక్కాడు.

మాట నాకంటే ముందు ఇంటికి చేరింది. ఆ సాయంత్రం నేను పోయేసరికి అమ్మ వాకిట్లో కాయలు ఒలుస్తూ ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లున్నారు, నన్ను చూసి మాట ఆపారు. వాళ్లంతా లేచి ఇళ్లకు పోయాక అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"నిన్ను నిదానమంటాండారంట. నిజమేనా?"

నేను కాదన్నాను. మిషనే నిదానమన్నాను. అమ్మ ఒలుస్తున్న కాయ చేతిలోనే పట్టుకుని నా మొహం వైపు చూసింది.

"మిషన్ యాడన్నా నిదానముంటాదా? బిరీన అయితాదనే గదా మిషన్ పెట్టుకునేది."

ఒలిచే పనిలో మా అమ్మను మించినవాళ్లు రాయచెర్లులో లేరు. వల్లూరు నుంచి కూడా పిలుపు వచ్చేది. ఆమెకున్నది ఆ పేరొక్కటే. దానికి మచ్చ తెచ్చానని ఆమె అనలేదు, అన్నట్టే చూసింది. నేను అన్నం తినకుండా పడుకున్నాను. బాధతో కాదు, కోపంతో. ఎవరి మీద కోపమో తేల్చుకోలేక అందరి మీదా కోపమే వచ్చింది.

మరుసటి రోజు పెద్దనాయన తేల్చి చెప్పాడు. మాఘమాసం పెండ్లిండ్ల దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఇట్లే ఉంటే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. మీ నాయన మొహం చూసి ఇంతకాలం ఓర్చుకున్నానని కూడా అన్నాడు. ఆ చివరిమాటకు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ కుర్చీ పోతే నేను రాయచెర్లులో వాకిట్లో కూర్చుని కాయలు ఒలవాలి. అది కూడా చెయ్యి నిదానమన్న పేరుతో పోతే, కాయలు ఒలవడానికి కూడా ఎవరూ పిలవరు.

మధ్యాహ్నం బావ భోజనానికి ఇంటికి పోయి ఓ కునుకు తీసి వచ్చేవాడు. పెద్దనాయన మిల్లుకు పోయేవాడు. ఆ సమయంలో కరెంటు ఉంటే మిషన్ నాది. ఆ సమయాల్లోనే నేను దాని కడుపులో ఏముందో చూడటం మొదలుపెట్టాను. డిప్లొమాలో మెమరీ గురించి చెప్పిన లెక్చరర్ పాఠం పుస్తకం చూసి చదివేసి పోయేవాడు. అప్పుడు అర్థం కాని పాఠం కోపంలో అర్థమైంది.

కంప్యూటర్లో పని చేసేది ప్రాసెసర్. దానికి కావలసిన సరుకంతా మెమరీలో ఉంటుంది. ఆ మెమరీ చిప్పుల్లో లెక్కలేనన్ని చిన్న గుంతలున్నట్టు, ఒక్కో గుంతలో ఇంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. చదివితే గుంత ఖాళీ అయిపోతుంది, వెంటనే దాన్ని మళ్లీ నింపాలి. చదవకపోయినా కారిపోతూనే ఉంటుంది, అందుకని ఊరికే ఉన్నా మధ్యమధ్యలో ఆపి అన్నిటినీ నింపుకుంటూ రావాలి. ఇదంతా అయ్యేదాకా ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడాలి. ప్రాసెసర్‌ను మూడింతలు జోరుగా తిప్పినంత మాత్రాన మెమరీ మూడింతలు జోరుగా ఇవ్వదు. ప్రాసెసర్ నిలబడే సమయం పెరుగుతుంది, అంతే. బెంచీ మీద పెళ్లివారి ముందు నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు, లోపల ప్రాసెసర్ కూడా సరిగ్గా అదే పని చేస్తోంది.

ఈ బాధ తప్పించడానికే మధ్యలో కాష్ అని ఇంకో రకం మెమరీ పెడతారు. అది కారిపోదు, మళ్లీ నింపక్కర్లేదు, అడగ్గానే ఇస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి కొంచెమే పెడతారు. ఇప్పుడు వాడినదాన్ని, దాని పక్కనున్నదాన్ని అందులో ఉంచుకుంటే, మళ్లీ కావలసినప్పుడు అసలు మెమరీ దాకా పోనక్కర్లేదు. ప్రాసెసర్ లోపలే ఒక చిన్న కాష్ ఉంటుంది. దాని బయట, బోర్డు మీద ఇంకా పెద్దది ఒకటి ఉంటుంది. మా బోర్డు మీద ఆ పెద్ద కాష్ ఉందని, రెండు వందల యాభై ఆరు కిలోబైట్లు అని, మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ తెర మీద పడేది.

బావ టైపు చేసే నాలుగు ముక్కలు, ఆడే పేకాట, ఇవి లోపలి చిన్న కాష్‌లోనే ఇమిడిపోతాయి. నా దేవుడి బొమ్మలు అందులో పట్టవు. అవి పెద్ద కాష్‌కు రావాలి, అక్కడా పట్టకపోతే మెమరీకి పోవాలి. కాబట్టి నాకు కొంత ఆలస్యం సహజమే. కానీ ఇంత ఆలస్యమా? పెద్ద కాష్ ఉన్న మిషన్ ఇలా ఏడుస్తుందా?

చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. మెమరీలో ఒక చోటున్న సరుకును ఇంకో చోటికి మోయడం, ఎంతసేపు పట్టిందో చూపించడం, అంతే దాని పని. మొదట కొంచెం సరుకు, తర్వాత ఇంకొంచెం, అలా పెంచుకుంటూ పోయాను. కొంచెం ఉన్నప్పుడు వేగం బాగుంది. చిన్న కాష్ దాటగానే పడిపోయింది. పెద్ద కాష్ నిజంగా ఉంటే వేగం ఇక్కడ ఒక మధ్య మెట్టు మీద ఆగాలి. పెద్ద కాష్ నిండేదాకా ఆ మెట్టు మీదే ఉండి, తర్వాత కిందికి దిగాలి. మధ్య మెట్టు లేదు. ఒకేసారి అడుక్కు పోయింది. నా ప్రోగ్రాంలోనే తప్పుందనుకుని మళ్లీ రాశాను. అదే జవాబు. మిషన్ సెట్టింగుల్లోకి పోయి బయటి కాష్‌ను ఆఫ్ చేసి చూశాను. వేగం ఏమీ తగ్గలేదు. ఉన్నదాన్ని ఆపితే తేడా తెలియాలి కదా.

నాకప్పుడు కలిగింది సంతోషం కాదు. ఒళ్లంతా వేడెక్కింది. ఆ డీలరు నా మొహం ముందు ఆపరేటర్‌కు అలవాటు కావాలి అన్నప్పుడు వాడికి ఇది తెలుసు. తెలిసి అన్నాడు.

పుష్యం చివర డీలరు ప్రింటర్ రిబ్బన్లు తీసుకుని వచ్చాడు. పెద్దనాయన ఉన్నాడు, బావ ఉన్నాడు. కాష్ లేదని చెప్పాను. డీలరు తెర మీద నంబర్ చూపించాడు. నా ప్రోగ్రాం చూపించాను. ఇట్లాంటి టెస్టులను నమ్ముకోకూడదమ్మా, కంపెనీ చెప్పిందే కరెక్టు అన్నాడు. పెద్దనాయన విసుక్కున్నాడు, ఏంది మీ గోల, పెండ్లిండ్లు నెత్తి మీదికొచ్చినాయి అన్నాడు. ఇంక మాటలతో లాభం లేదనిపించింది. మిషన్ ఆపి, కరెంటు పీకి, మూత విప్పాను. బోర్డు మీద ఒక మూల నల్లటి కాష్ చిప్పులు సాకెట్లలో వరసగా కూర్చుని ఉన్నాయి. డీలరు గ్యారంటీ పోతుందని అరవడం మొదలుపెట్టాడు. నేను చిన్న స్క్రూడ్రైవర్ ఒకదాని కిందికి దూర్చి ఎత్తాను. తర్వాత రెండోది. వరసంతా తీసి, పెద్దనాయన ముందున్న బల్ల మీద పోశాను. చిప్పులు లేకుండా మిషన్ లేవకపోతే నా పని అక్కడితో సరి.

ఆన్ చేశాను. మిషన్ లేచింది. మెమరీ లెక్కపెట్టుకుంది. దాని కింద కాష్ అని, రెండు వందల యాభై ఆరు అని, ఎప్పట్లాగే తెర మీద పడింది.

పెద్దనాయనకు ఇంగ్లీషు రాదు, నంబర్లు బాగా వచ్చు. తెర మీద నంబర్ చూశాడు, బల్ల మీద చిప్పులు చూశాడు. నేను ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను.

"ప్రాసెసర్ అంటే మోటారు పెద్దనాయనా, మెమరీ అంటే బోరు. బోర్లో ఊరేది ఇంచు నీళ్లయితే ఎంత మోటారు పెట్టి ఏం లాభం? అందుకే గదా తొట్టి కట్టి, నింపుకొని, ఆడ నుంచి పారిచ్చుకునేది. ఆ తొట్టే కాష్. ఈయప్ప నీకు తొట్టి కట్టలే. గోడ మీద తొట్టి బొమ్మ గీసి పోయినాడు."

ఆయన ఒక చిప్పు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అంటే ఇవి ఉత్త డొల్లలా?"

డొల్లలే. ఉత్త ప్లాస్టిక్ ముక్కలకు కాళ్లు అతికించి బిగించారు. లేని కాష్‌ను ఉందని చెప్పేలా మిషన్‌కు ముందే నేర్పి పెట్టారు. అప్పట్లో అలాంటి బోర్డులు చాలా తిరిగేవని తర్వాత తెలిసింది.

డీలరు సిగ్గుపడతాడని, కాళ్లు పట్టుకుంటాడని నేను ఊహించుకుని ఉన్నాను. అలాంటిదేమీ జరగలేదు. నాకూ ఇట్లే ఇచ్చినారు సార్, నన్నూ మోసం చేసినారు అని గడగడా చెప్పేశాడు. పెద్దనాయన కూడా వాడి చొక్కా పట్టుకోలేదు. కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. మూటకు తేమ ఎంత పోతుందో రైతుతో బేరమాడే గొంతు తీశాడు. నిజం కాష్ ఉన్న బోర్డు కావాలన్నాడు. దాని మీద మెమరీ కూడా రెండింతలు ఊరికే వేయాలన్నాడు. వేయకపోతే ఈ డొల్లలను పావగడ నుంచి హిందూపురం దాకా ప్రతి అంగడిలో చూపిస్తానన్నాడు. డీలరు గంగిరెద్దులా తల ఊపాడు. ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. నిదానమన్న మాట వెనక్కి తీసుకుంటాడని ఆ రోజంతా చూశాను. సాయంత్రం పోయేముందు, ఆ చిప్పులు ఊడ్చి పారేయి పాపా అన్నాడు.

మాఘం మొదట్లో కొత్త బోర్డు వచ్చింది. నా ప్రోగ్రాం నడిపి చూశాను. మధ్య మెట్టు ఉంది. కార్డు తెరిచాను, వినాయకుడు కిరీటం, తొండం, ఎలుకతో సహా ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. పొద్దున వచ్చిన పెళ్లివారు కార్డు చూసుకుని, తప్పులు దిద్దించుకుని, కాఫీ తాగేలోపల ప్రూఫ్ చేతికి తీసుకుని పోతున్నారు. బెంచీ ఖాళీ అయిపోయింది. మా ఊరాయనే ఇంకొకరికి తోడొచ్చి, ఏంది పాపా ఇంత బిరీన చేస్తాండావే అన్నాడు. ఊళ్లో కూడా చెప్పాడు. అమ్మ ఆ వారం కాయలు ఒలవడానికి వచ్చినవాళ్ల ముందు నన్ను పనిగట్టుకుని పిలిచి మంచినీళ్లు తెమ్మంది. నేను తెచ్చాను. గెలిచానని అనుకున్నాను. ఒకరిద్దరితో అన్నాను కూడా.

బావకు ఇప్పుడు పేకాట మీద మనసు పోలేదు. నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని, బొమ్మ ఎట్లా పెడతావు, అంచు ఎట్లా తిప్పుతావు అని అడిగేవాడు. అంతకుముందు అడగడానికి ఆయనకు ఓపిక చాలేది కాదు. బొమ్మ ఒకసారి జరిపి చూడాలంటే కునుకు తీసేంత సమయం పట్టేది కదా. ఇప్పుడు తప్పు పెట్టినా చిటికెలో దిద్దుకోవచ్చు. నేను చూపించాను. మంచితనంతో కాదు, నా ప్రతాపం చూపించుకోవాలని. నెల తిరిగేసరికి ఆయన సొంతంగా కార్డులు కూర్చడం మొదలుపెట్టాడు. నాకంటే వికారంగా కూర్చేవాడు, పెళ్లివారికి ఆ తేడా తెలిసేది కాదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున నేను పోయేసరికి బావ నా కుర్చీలో ఉన్నాడు. లేవలేదు. పెద్దనాయన నన్ను గల్లాపెట్టె దగ్గరికి పిలిచి, కూర్చోమని, కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ ఎలాంటప్పుడు తెప్పిస్తాడో నాకు తెలుసు. ఉగాది నుంచి రావద్దని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. పని తక్కువైందన్నాడు, ఇద్దరు చేసేది ఒకరితో అయిపోతోందన్నాడు, మా నాయనకు తనే వచ్చి చెప్తానన్నాడు.

కాఫీ గ్లాసు పక్కకు నెట్టాను. మిషన్‌లో మోసం పట్టుకున్నది నేను. దాన్ని పరిగెత్తేటట్లు చేసింది నేను. ఆ పని బావకు నేర్పింది నేను. ఇదంతా గట్టిగానే అన్నాను, బజారులో పోయేవాళ్లు తిరిగి చూశారు. పెద్దనాయన గొంతు పెంచలేదు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. తప్పు నీది గాదు, మిషన్‌ది. ఆ పొద్దు నిన్ను తీసేయల్లంటే నీ బదులు ఇంగొకర్ని పెట్టుకోవల్ల. ఇప్పుడు ఎవురూ అక్కరలే."

ఆ మాటలో ఎక్కడా తప్పు దొరకలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. తిట్టి ఉంటే తిట్టేదాన్ని. నిదానమని ఉంటే డొల్ల చిప్పుల సంగతి మొహాన కొట్టేదాన్ని. ఆయన నిజం చెప్పాడు, ఆ నిజం నేను చేతులారా చేసి ఇచ్చిందే. ఆ డీలరు మోసం బయటపడకుండా ఉండి ఉంటే, నా బదులు ఇంకొకరు దొరకక నేను చెయ్యి నిదానమైన మనిషిగా మాఘం దాకా, ఆ తర్వాత ఇంకో మాఘం దాకా ఆ కుర్చీలో ఉండేదాన్నేమో. మిషన్ నన్ను పని మధ్యలో నిలబెట్టినన్ని రోజులూ నాకు అక్కడ చోటుండేది. ఆయన మీద నాకు ఆ రోజు కలిగిన అసహ్యం ఇంకా నాలోనే ఉంది.

బావ తల ఎత్తలేదు. తెర మీద ఎవరిదో పెళ్లికార్డు ఉంది, అంచు ఒక పక్కకు ఒరిగి ఉంది. దిద్దాలని నా చెయ్యి లేచింది, దించుకున్నాను.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే పెద్దనాయన కూడా లేచి గుమ్మం దాకా వచ్చాడు. మనసులో ఏదో మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు, అది ఆయన మొహంలో కనిపించింది.

"తుంకూరులోగానీ యాడన్నాగానీ అడిగితే నా పేరు చెప్పు పాపా. ఎవురడిగినా శానా చురుకైన పిల్ల అని చెప్తా."

ఇన్ని నెలలూ ఆ మాట కోసమే ఎదురుచూశాను. నలుగురి ముందు అంటాడని, మా ఊరాయన ముందు అంటాడని, అమ్మ చెవిన పడుతుందని. ఇప్పుడు ఖాళీ బెంచీ ముందు, గుమ్మంలో నిలబడి అన్నాడు.

"ఎవురికీ చెప్పొద్దు పెద్దనాయనా," అన్నాను. "చురుకైనోళ్లను నువ్వే పెట్టుకోకపోతివి, ఇంగెవురు పెట్టుకుంటారు?"

ఆయన గట్టిగా నవ్వాడు. వేళాకోళం ఆడుతున్నానని అనుకున్నాడు.